మూల గురించి చెప్పాను

జూన్ 3, సోమవారం

అయిపోయింది. డిజైన్ హెడ్ కుర్చీ మా అల్లుడుగారికే దక్కింది.

మా అల్లుడు కాదు, అమ్మ అల్లుడు. నాకు చెల్లెలి మొగుడు. అమ్మ నోట ఆ ‘గారు’ తేనెలో మునిగి వస్తుంది కాబట్టి ఇక్కడ నేనూ అలాగే రాస్తాను. పేరు రాయడానికి చెయ్యి రావడం లేదు.

పాత హెడ్ రిటైరవుతూ “ఇంకెవరున్నారమ్మా, నువ్వే” అని వెళ్ళాడు. పెద్దాయన అప్పుడు కాదనలేదు. ఈ ప్లాస్టిక్ సామాన్ల కంపెనీ ఆయనది, ఆయన కాదనలేదంటే అవుననే అనుకున్నాను. అల్లుడుగారు ఇక్కడ చేరి ఏడాది కూడా కాలేదు. పాత ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చుంటే, చెల్లి వచ్చి నా భుజం మీద ఏడిస్తే, పెద్దాయన గది బయట నిలబడి బతిమాలి చేర్పించింది నేను. ఏకు మేకైందంటారే, ఆ ఏకుని నా చేత్తోనే వడికాను.

పెద్దాయన నన్ను విడిగా పిలిచి బుజ్జగించాడు. “నీ కన్ను నాకు కావాలమ్మా. ఉక్కులో అచ్చు కొయ్యకముందే డ్రాయింగులో తప్పు పట్టేవాళ్ళు నీలాంటివాళ్ళు ఇంకొకరు లేరు. హెడ్ అంటే పదిమందితో తిరగాలి, నవ్వుతూ మాట్లాడాలి.”

అంటే నేను నవ్వనని.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పై వాటాలోంచి నవ్వులు. కింద వాటా నాదీ అమ్మదీ. పైన వాళ్ళిద్దరూ. అమ్మ కింద లేదు.

జూన్ 4, మంగళవారం

ఆఫీసులో “మేడమ్” అన్నాడు. ఇంటి మెట్ల మీద ఎదురై “వదినగారూ” అన్నాడు. రెండింట్లో ఏది ఎక్కువ మండిందో తేల్చుకోలేకపోయాను.

జూన్ 6, గురువారం

ఇవాళ బాగుంది.

మందుల డబ్బా మూత గీశాడు అల్లుడుగారు. గోడలన్నీ నిట్టనిలువుగా ఉన్నాయి. ప్లాస్టిక్ కరిగించి ఉక్కు అచ్చులో పోస్తే చాలదు, గట్టిపడ్డాక అది ఊడి రావాలి. ఊడి రావాలంటే గోడలకి కాస్త వాలు ఉండాలి. గ్లాసులో గ్లాసు ఇరుక్కుంటే లాగలేక చస్తామే, వాలు లేకపోతే అంతే. ఇది పని నేర్చుకునే మొదటి వారంలో చెప్పే పాఠం.

అందరూ టీ తాగుతున్నప్పుడు డ్రాయింగు ఎత్తి పట్టుకుని అడిగాను. “హెడ్‌గారూ, ఈ మూత అచ్చులో ఇరుక్కున్నాక తీయడానికి మీరే లోపలికి దిగుతారా, నిచ్చెన వేయించమంటారా?”

అచ్చుల మేస్త్రీ నోట్లో టీ ముక్కులోంచి వచ్చింది. అల్లుడుగారి చెవులు ఎర్రబడ్డాయి. సంతోషం వేసింది. ఇక్కడ చూసేవాళ్ళు ఎవరు, దాచడానికి.

జూన్ 7, శుక్రవారం

గదిలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

“తప్పు పట్టండి మేడమ్, థాంక్స్ చెబుతాను. తమాషా చెయ్యకండి.”

“నేను చెయ్యలేదు. డ్రాయింగే తమాషాగా ఉంది.”

“వదినగారూ...”

“ఇక్కడ వదినలు లేరు. మీరే అన్నారు మేడమ్ అని.”

కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. తర్వాత కొత్త పద్ధతి చెప్పాడు. ఇకనుంచి డ్రాయింగులు నా బల్ల మీద ఆగవు. సోమవారం సోమవారం అందరం కూర్చుంటాం, ఎవరికి ఏం కనబడినా అక్కడ నోటితో చెప్పాలి. నా సంతకం అక్కర్లేదు. చివర్లో ఇంకో మాట: “ఆఫీసు గొడవలు ఆఫీసులోనే. ఇంటికి తీసుకెళ్ళొద్దు, ప్లీజ్.”

సరే. తీసుకెళ్ళను.

జూన్ 10, సోమవారం

నోటితో చెప్పమన్నాడుగా, చెప్పాను. గీత మందం దగ్గర్నుంచి అంకెల సైజు దాకా. చూడాల్సినవి చూశాను, చూడక్కర్లేనివీ చూశాను. పెద్దాయన ఆవలించాడు. మీటింగు భోజనాల వేళ దాటిపోయింది. నా మీద అందరికీ ఆకలి కోపం.

జూన్ 12, బుధవారం

చెల్లి కిందికి వచ్చింది, యుద్ధానికి.

“ఆయన రాత్రుళ్ళు నిద్రపోవడం లేదక్కా. అందరిముందూ అలా తీసిపారేస్తే ఎలా?”

“తప్పు గీస్తే ఒప్పని అనాలా?”

“తప్పు అని చెప్పు. నువ్వు చెబుతున్నది తప్పు గురించి కాదు, ఆయన గురించి.”

“అయితే కుర్చీ దిగమను.”

అమ్మ మధ్యలో వచ్చింది. “నీకంటూ ఒక మొగుడూ ఒక ఇల్లూ ఉంటే తెలిసేదే” అంది నాతో. అన్నాక తనకే ఎలాగో అనిపించినట్టుంది, కొంగుతో బల్ల తుడవడం మొదలుపెట్టింది. బల్ల శుభ్రంగానే ఉంది.

వెళ్తూ చెల్లి గుమ్మంలో ఆగి చెప్పింది. చక్రాల కుర్చీలు చేసే కంపెనీ ఒకటి బ్రేకు మీటలు మా చేత చేయిస్తోందట. ముందు కొన్ని కుర్చీలు చెల్లి హాస్పిటల్లో వాడి చూస్తారట. పడిపోయినవాళ్ళకి మళ్ళీ నడక నేర్పించే పని చెల్లిది. “ఆయనే మాట్లాడి తెచ్చారు ఆ పని. దాన్ని కూడా చెడగొట్టకు.”

చెడగొట్టేది నేనా!

జూన్ 14, శుక్రవారం

బ్రేకు మీట డ్రాయింగు చూశాను. ఎవరూ చూడమనలేదు, ప్రింటరు దగ్గర పడి ఉంటే చూశాను.

ఒప్పుకోవాలి, బాగా గీశాడు. వాలు ఉంది. గోడల మందం అంతటా ఒకేలా ఉంది, సొట్టలు పడవు. బొటనవేలు ఆనే చోట చిన్న పల్లం, చేతుల్లో బలం లేనివాళ్ళు కూడా నొక్కగలిగేలా. ఆ పల్లం చూసి కడుపు రగిలింది.

అప్పుడు కనబడింది. మీట కాడ వెళ్ళి గుండ్రటి ఇరుసుతో కలిసే చోట, లోపలి మూల. కత్తితో కోసినట్టుంది. అక్కడ గుండ్రం చెయ్యడం మరిచిపోయాడు. షాంపూ పొట్లానికి అంచున చిన్న గాటు పెడతారు కదా చింపడానికి, సరిగ్గా అలాంటి గాటు. మీట నొక్కిన ప్రతిసారీ బలమంతా వచ్చి ఆ మూల మీదే పడుతుంది. మొదట ఏమీ కాదు. చేత్తో లాగి చూస్తే గట్టిగానే ఉంటుంది. వాడగా వాడగా వెంట్రుకంత పగులు వస్తుంది. ఆ తర్వాత ఒకరోజు పుటుక్కుమంటుంది.

సోమవారం చెబుతాను.

జూన్ 17, సోమవారం

మీటింగు. మూల గురించి చెప్పాను.

అంతకుముందు వేరే మూతల మీద నేను నాలుగు మాటలు అంటే, అల్లుడుగారు చేతులు జోడించి, “మేడమ్ కోడిగుడ్డుకి ఈకలు పీకగలరు. ఇవాళ మొత్తం కోడినే తయారుచేసేలా ఉన్నారు” అన్నాడు. పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. మేస్త్రీ నవ్వాడు. అకౌంట్సు అమ్మాయి కూడా నవ్వింది, దానికి మూత అంటే ఏంటో తెలియదు.

సరే. నేను మూల గురించి చెప్పాను. విన్నారో లేదో వాళ్ళిష్టం.

జూన్ 18, మంగళవారం

మర్చిపోకుండా మళ్ళీ రాసుకుంటున్నాను. నిన్న మీటింగులో పెద్దాయన ఉన్నాడు, మేస్త్రీ ఉన్నాడు, అల్లుడుగారున్నాడు. అందరూ ఉండగానే చెప్పాను.

జూన్ 19, బుధవారం

మేస్త్రీ నా బల్ల దగ్గరికి వచ్చాడు. డ్రాయింగు గురించి ఏదో అడిగాడు. మాట్లాడాం. వెళ్ళిపోయాడు. తలనొప్పి.

జూన్ 24, సోమవారం

బ్రేకు మీట అచ్చుకి ఉక్కు కోస్తున్నారు. ఆ కీచు శబ్దం గోడ దాటి నా బల్లదాకా వస్తోంది. రోజూ వచ్చేదే. ఇవాళ పళ్ళు జివ్వుమన్నాయి.

ఆఫీసు గొడవలు ఇంటికి తీసుకెళ్ళొద్దని చెప్పింది అతనే.

జూలై 1, సోమవారం

మొదటి మీటలు అచ్చులోంచి వచ్చాయి. నల్లగా, నున్నగా, నిగనిగలాడుతూ. మిషను దగ్గర అందరూ గుమిగూడి చప్పట్లు. పెద్దాయన అల్లుడుగారి వీపు తట్టాడు. అల్లుడుగారు ఒక మీట తెచ్చి నా బల్ల మీద పెట్టి, “ఈకలు లేకుండా వచ్చింది మేడమ్” అన్నాడు. వెటకారమో, రాజీకి రావడమో తెలియలేదు. వెటకారమే అనుకున్నాను. అలా అనుకుంటేనే సుఖంగా ఉంది.

నొక్కి చూశాను. వంచి చూశాను. గట్టిగానే ఉంది. బహుశా నేనే ఎక్కువ ఊహించుకున్నానేమో. ఆ మూల అంత పదును కాదేమో.

భూతద్దం పెట్టి చూశాను.

మీటని సొరుగులో పడేశాను.

జూలై 5, శుక్రవారం

కుర్చీలు హాస్పిటల్‌కి వెళ్ళాయి. వార్డులో వాడుతున్నారట. చెల్లి మెట్ల మీద నుంచే కేక పెట్టి చెప్పింది అమ్మకి, నాకు వినబడాలని. “ముసలాళ్ళు కూడా ఒక్క వేలితో వేసేస్తున్నారమ్మా బ్రేకు!”

మంచిది.

జూలై 11, గురువారం

ఇంకా బాగానే ఉన్నాయట. చూశావా. ఊరికే రభస చేసి ఉంటే నేనే నవ్వులపాలయ్యేదాన్ని. కోడిగుడ్డు, ఈకలు.

జూలై 15, సోమవారం

అన్నం తింటూ ఉండగా చెల్లి వచ్చింది. ఈమధ్య కొంచెం మెత్తబడింది. నా కంచంలోంచి ఒక ముద్ద లాక్కుని తింది, చిన్నప్పటిలా.

“రేపు ర్యాంపు మీద టెస్టక్కా. మనిషిని కూర్చోబెట్టి, ఏటవాలు మధ్యలో ఆపి బ్రేకు వెయ్యాలి. సూపరింటెండెంట్ వచ్చి చూస్తాడు. అది బాగుంటే మొత్తం ఆర్డరు మీకే.”

“కుర్చీ వెనకాల ఎవరుంటారు?”

“నేనే. ఇంకెవరుంటారు?”

“జాగ్రత్త” అన్నాను.

“ఏం, మీ బ్రేకు మీద నీకే నమ్మకం లేదా?” అని నవ్వింది.

అల్లుడుగారు పైనుంచి పిలిచాడు. వెళ్ళిపోయింది.

జాగ్రత్తగా ఉండమని చెప్పాను.

జూలై 16, మంగళవారం

చెల్లికి దెబ్బ తగిలింది.

జూలై 17, బుధవారం

కుర్చీలో కూర్చున్నది ఒక బడి పంతులు. పక్షవాతం వచ్చి కోలుకుంటున్నాడు. ర్యాంపు మధ్యలో ఆపి బ్రేకు వేశాడు. ఆగింది. సూపరింటెండెంట్ తలాడించాడు. చెల్లి చేతులు వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది. అప్పుడు మీట విరిగిపోయింది. కుర్చీ వెనక్కి జారింది. చెల్లి అడ్డం నిలబడింది. మనిషి బరువూ కుర్చీ బరువూ మీద పడితే రెయిలింగుకి కొట్టుకుంది. కుడి మణికట్టు విరిగింది. మోకాలి చిప్ప వాచింది.

పంతులుకి ఏమీ కాలేదు. విరిగిన మీట ముక్క చేతిలో పట్టుకుని, “నేనేం చెయ్యలేదమ్మా, నేనేం చెయ్యలేదు” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడట.

హాస్పిటల్‌కి వెళ్ళాను. అల్లుడుగారు మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. కుర్చీ ఉంది పక్కనే, అయినా నేల మీద కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు. చెల్లి మందు మత్తులో ఉంది. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

జూలై 18, గురువారం

మీటింగు. బల్ల మీద విరిగిన మీట. విరుపు సరిగ్గా ఆ మూల దగ్గర, చాకుతో కోసినట్టు.

పెద్దాయన ఎవరినీ అడక్కముందే అల్లుడుగారు లేచాడు. “డ్రాయింగు నాది. మూల గుండ్రం చెయ్యలేదు. తప్పు నాదే.”

దానికి నేను సిద్ధంగా లేను. సాకులు చెబుతాడనుకున్నాను. మేస్త్రీ మీదికి తోస్తాడనుకున్నాను. అప్పుడు చీల్చి చెండాడాలని ఆటోలో వస్తూ మాటలు కూడా పేర్చుకున్నాను.

పెద్దాయన నా వైపు తిరిగాడు. “నీకు కనబడలేదా అమ్మా?”

“కనబడింది. చెప్పాను. జూన్ మీటింగులో.”

అల్లుడుగారు నుదురు రుద్దుకుంటూ గుర్తు తెచ్చుకోవడానికి చూశాడు. “నాకు గుర్తు రావడం లేదు. కానీ చెప్పే ఉంటారు. మేడమ్‌కి నా మీద ఎంత కోపమున్నా, తప్పు చూసి చెప్పకుండా ఉండరు. నేనే వినుండను.”

పెద్దాయన మేస్త్రీని అడిగాడు, విన్నావా అని. మేస్త్రీ నా మొహంలోకి చూశాడు. “అన్నారండీ. మూల గురించి అన్నారు.” అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు.

మధ్యాహ్నం షెడ్డులోకి వెళ్ళాను. మేస్త్రీ అచ్చు విప్పి, ఆ అంచుని రాయి పెట్టి రుద్దుతున్నాడు. వస్తువులో మూల గుండ్రం కావాలంటే అచ్చులో ఆ చోట ఉక్కు కాస్త అరగదీస్తే చాలు. పెద్ద పనేం కాదు.

“అయిపోయిందా?” అన్నాను.

“అయిపోవచ్చింది. ఉక్కు తియ్యడమేగా. పెట్టాల్సొస్తే చచ్చేవాళ్ళం.” తలెత్తకుండానే అన్నాడు. “ఆ రోజు నేనొచ్చి అడిగా మేడమ్. మూల గురించి ఏదో గొణిగారు, ఆపమంటారా అని.”

“నాకు గుర్తులేదు.”

“నాకుంది. ‘హెడ్‌గారు గీశాక మనమెవరం, కొయ్యి’ అన్నారు.”

కింద రాలిన ఉక్కు పొడిని కాలితో పక్కకి నెట్టాను.

“లోపల అబద్ధమాడలేదు నేను. అడిగినంతే చెప్పా. నా ఉద్యోగం నాకు కావాలి. కానీ మీ ఇంటి కొట్లాటలోకి నన్నెందుకు లాగారు?” రాయి నీళ్ళలో ముంచి మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాడు. “వెలుతురుకి అడ్డం నిలబడ్డారు. జరగండి.”

జూలై 20, శనివారం

చెల్లి కట్టుకట్టిన చేత్తో, భుజాన సంచితో కిందికి వచ్చేసింది.

“అక్క చెబితే వినలేదటగా! పంతం! ఆడది చెబితే వినడమేంటని పంతం! ఆ పంతులుగారు పడుంటే ఏమయ్యేది?” మెట్ల మీద అల్లుడుగారు నిలబడి ఉన్నాడు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అమ్మ తలుపు మొహం మీదే వేసింది. ‘గారు’ పోయింది. ‘అతగాడు’ అంటోంది.

పెద్దాయన ఫోను చేశాడు. సోమవారం నుంచి హెడ్ నేనే. “నీ మాట వినుంటే ఈ గొడవే ఉండేది కాదమ్మా” అన్నాడు.

కోరుకున్నవన్నీ ఒక్కరోజే వచ్చి పడ్డాయి. అమ్మ నా కంచంలో ఇంకొంచెం కూర వేసింది. చెల్లి నా గదిలో నా మంచం మీద పడుకుంది.

పైన అతను అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు.

జూలై 21, ఆదివారం

జూన్ 17న రాసింది చదివాను. జూన్ 19న రాసింది చదివాను. అవి అబద్ధాలు కావు. అయితే అలా జరగలేదు.

ఇలా జరిగింది. కోడిగుడ్డు మాటకి అందరూ నవ్వారు. నేను కూర్చుండిపోయాను. ముందు అనుకున్నాను, చెప్పనే చెప్పకూడదని. తర్వాత భయం వేసింది, రేపు ఎవరైనా అడిగితే? మీటింగు అయిపోయి కుర్చీలు జరుపుకుంటూ అందరూ లేస్తుంటే, ఆ రొదలో, బల్ల కేసి చూస్తూ అన్నాను, “ఆ మూల ఒకసారి చూసుకోవాలి” అని. వినబడకూడదనే అంత మెల్లిగా అన్నాను. రేపు చెప్పానని అనగలగడానికే అన్నాను.

మేస్త్రీకి వినబడింది. అతను వచ్చి అడిగాడు. అప్పుడు కూడా ఒక్క మాట చాలు. నేను ‘కొయ్యి’ అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా కళ్ళ ముందు ఉన్నది అల్లుడుగారి ఎర్రబడ్డ చెవులే. చక్రాల కుర్చీలో కూర్చునేవాళ్ళు ఎవరూ లేరు. ఒక్కరు కూడా లేరు.

జూన్ పదిహేడు నుంచి టెస్టు ముందురోజు రాత్రిదాకా ఏ పూట చెప్పినా సరిపోయేది. అన్నం తింటూ చెప్పినా సరిపోయేది.

జూలై 22, సోమవారం

పొద్దున్నే చెల్లి దువ్వెన తెచ్చి నా ముందు కింద కూర్చుంది. ఎడం చేత్తో జడ వేసుకోలేకపోతోంది. చిక్కులు తీస్తుంటే కబుర్లు చెబుతోంది. పంతులుగారు నిన్న ఫోను చేశాడట, తనే వచ్చి చూస్తానన్నాడట. తర్వాత అంది, “నీకొక్కదానికే పట్టింది ఆ తప్పు. నువ్వు గట్టిదానివక్కా. ఆయనకి నేను విడాకులిచ్చినా తప్పులేదు.”

విడాకులు అంది. నవ్వుతూ అనలేదు.

నా చెయ్యి ఆగిపోయింది.

“నేను చెప్పలేదే” అన్నాను.

“ఏంటి?”

“మీటింగులో ఎవరికీ వినబడకుండా అన్నాను. మేస్త్రీ వచ్చి ఆపమంటారా అంటే వద్దన్నాను. మీ ఆయన విననిది కాదు, నేనే చెప్పలేదు.”

దాని వీపు మాత్రమే కనబడుతోంది నాకు. కదల్లేదు.

“నిన్నకాక మొన్న, టెస్టు ముందురోజు, నేను నీ పక్కనే కూర్చుని తిన్నాను” అంది.

“అవును.”

“అప్పుడు నీకు తెలుసు.”

“తెలుసు.”

“కుర్చీ వెనకాల ఎవరుంటారని అడిగావు.”

“అడిగాను.”

“నేనే అని చెప్పాను.”

జుట్టు సగం నా చేతుల్లో పాయలుగా ఉంది. అది ఎడం చెయ్యి వెనక్కి పెట్టి ఒక్కొక్క పాయా నా వేళ్ళలోంచి తీసేసుకుంది.

“దువ్వెన కింద పెట్టు. అమ్మని పిలువు.”

పిలిచాను. అమ్మ జడ వేసింది. వేస్తూ ఏమైందే అని అడుగుతోంది, చెల్లి చెప్పడం లేదు. జడ అయ్యాక సంచి తీసుకుని, మెట్లు ఒక్కొక్కటీ పట్టుకుంటూ పైకి వెళ్ళిపోయింది.

ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళాను. పెద్దాయన గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “నువ్వు మెల్లిగా అన్నావో గట్టిగా అన్నావో నాకెందుకమ్మా ఇప్పుడు. అచ్చు బాగైంది. కుర్చీల కంపెనీకి సర్ది చెప్పాను. ఇది ఈ గది దాటనివ్వకు.”

“హెడ్‌గా నేను ఉండను.”

“నీ ఇష్టం. మీ ఇంట్లోవాళ్ళందరూ కలిసి నన్ను చంపుతున్నారు.”

జూలై 25, గురువారం

అమ్మ దిండూ దుప్పటీ తీసుకెళ్ళడానికి కిందికి వచ్చింది.

“దాని చెయ్యి బాగయ్యేదాకా పైనే పడుకుంటాను.”

“తర్వాత?”

దుప్పటి మడత పెట్టింది. అప్పటికే మడత పెట్టి ఉన్నదాన్ని విప్పి మళ్ళీ పెట్టింది.

“నాకు ఇద్దరూ కూతుళ్ళేనే. దాన్ని ఎందుకలా...” అని ఆగిపోయింది. పూర్తి చేస్తుందేమోనని చూశాను. “కూర గిన్నెలో ఉంది, వేడి చేసుకో” అని వెళ్ళిపోయింది.

జూలై 28, ఆదివారం

మెట్ల మీద చెల్లి ఎదురైంది. గోడవైపు తిరిగి నన్ను పోనిచ్చింది.

ఆగస్టు 5, సోమవారం

మీటింగు. కుర్చీ మళ్ళీ అల్లుడుగారిదే. చెల్లి చెప్పేసి ఉంటుంది, పదిరోజులుగా నన్ను మేడమ్ అనడం లేదు, వదిన అనడం లేదు. ఏమీ అనడం లేదు.

కొత్త డ్రాయింగు తెర మీద పెట్టాడు. మూడు కాళ్ళ ఊతకర్రకి అడుగున తొడిగే కప్పు. మూలలన్నీ గుండ్రంగా ఉన్నాయి, అవసరం లేని చోట కూడా. అయితే ఒక పక్క గోడ మరీ పల్చన. కరిగిన ప్లాస్టిక్ అక్కడిదాకా నిండదు, అంచున చిల్లి పడుతుంది. ఈక కాదు, నిజం తప్పు.

“ఎవరికైనా ఏమైనా కనబడిందా?” అన్నాడు, నన్ను తప్ప అందరినీ చూస్తూ.

“ఎడం పక్క గోడ పల్చగా ఉంది” అన్నాను.

డ్రాయింగు వైపు చూడలేదు. మొదటిసారి నా కళ్ళలోకి సూటిగా చూశాడు. ఆ చూపులో దయ లేదు. ఎందుకుండాలి.

“వినబడలేదు” అన్నాడు.

వినబడింది. అకౌంట్సు అమ్మాయికి కూడా వినబడింది, తల దించుకుంది. మేస్త్రీ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

లేచి నిలబడ్డాను. మళ్ళీ చెప్పాను, షెడ్డులో మిషన్ల దాకా వినబడేంత గట్టిగా. ఏ గోడో, ఎంత పల్చనో, ఎందుకు నిండదో.

అతను రాసుకున్నాడు.

“ఇంకా?” అన్నాడు తలెత్తకుండా.